కిడ్నీ రాయికి ఏ స్కాన్, ఎప్పుడు, ఎందుకు: చిత్రాన్ని చూసి చికిత్సను నిర్ణయించుకునే తీరు

హైదరాబాదులో ఎండలు ముదిరే కొద్దీ యూరాలజీ ఓపీల ముందు నడుము పట్టుకుని కూర్చునేవారు ఎక్కువవుతారు. వారి చేతుల్లోని కవర్లలో ఒక అల్ట్రాసౌండ్ రిపోర్టు, ఒక ఎక్స్‌రే ఫిల్ము, కొందరి దగ్గరైతే నెల వ్యవధిలో తీసిన రెండు సీటీలు కూడా ఉంటాయి. ఇన్ని చిత్రాలున్నా, రాయి సరిగ్గా ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎంత గట్టిది, దాని వల్ల కిడ్నీకి ఏం నష్టం జరుగుతోంది అని అడిగితే చాలామంది చెప్పలేరు. అది వారి తప్పు కాదు. ఏ స్కాన్ ఏ ప్రశ్న కోసం రాశారో వారికి ఎవరూ విడమరచి చెప్పి ఉండరు. చికిత్స అంతా ఆ నాలుగు సమాధానాల మీదే ఆధారపడుతుంది కనుక, ఎవరైనా స్కాన్ రాసినప్పుడు "దీని ఫలితం వస్తే నా చికిత్సలో ఏం మారుతుంది?" అని డాక్టరును నిస్సంకోచంగా అడగాలి. ఆ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉన్న స్కాన్‌ను వాయిదా వేయకూడదు, జవాబు లేని స్కాన్‌కు తొందరపడకూడదు.

స్కాన్ కంటే ముందు తేల్చుకోవలసినది

నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి, ఉండి ఉండి మెలిపెట్టడం, వాంతులు, మూత్రంలో రక్తపు జీర కనిపిస్తే రాయిని అనుమానిస్తారు. నొప్పి ఎంత తీవ్రంగా ఉన్నా దానికి మందు ఉంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చిందంటే మాత్రం సంగతి వేరు. మూత్రం కిందికి దిగే దారి మూసుకుపోయి, పైన నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే అది కొన్ని గంటల్లోనే రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఇటువంటప్పుడు రాయి కొలతలు, గట్టిదనం అన్నీ తరువాతి విషయాలు. కిడ్నీ ఉబ్బి ఉందని మంచం పక్కన చేసే అల్ట్రాసౌండ్‌లో తేలినా, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపల ఉండే డీజే స్టెంటు అనే గొట్టం వేసి గానీ, వీపు పక్క నుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం పెట్టి గానీ ముందు ఆ మూత్రాన్ని బయటికి వదిలిస్తారు. రాయిని తీయడం ఇన్ఫెక్షన్ తగ్గిన తరువాతే.

ఒక్కటే కిడ్నీ ఉన్నవారు, రెండు వైపులా రాళ్ళు అడ్డం పడినవారు, మూత్రం పూర్తిగా ఆగిపోయినవారు, ఇంజెక్షన్ చేసినా నొప్పి తగ్గనివారు, గర్భిణులు డయాగ్నొస్టిక్ సెంటర్ ఎప్పుడు తెరుస్తారా అని తెల్లవారే దాకా ఎదురుచూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నగరంలో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు మూడింటిలోనూ యూరాలజీ విభాగాలున్నాయి. 50 ఏళ్ళు దాటిన వ్యక్తికి జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే, అది రాయే అని ఇంట్లో తీర్మానించుకోవడం కూడా ప్రమాదమే. పొట్టలోని మహాధమని ఉబ్బి చిట్లబోతున్నప్పుడు వచ్చే నొప్పి అచ్చం ఇలాగే ఉండవచ్చు. స్త్రీలలో గర్భసంచి బయట నిలిచిన గర్భం, కుడివైపు అయితే అపెండిక్స్ వాపు కూడా ఇదే నొప్పిని అనుకరిస్తాయి.

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం

ప్రమాద లక్షణాలు లేనప్పుడు మొదటి పరీక్ష చాలావరకు అల్ట్రాసౌండే. దీనిలో రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, వెంటనే అవుతుంది. పిల్లలకూ గర్భిణులకూ మొదట చేయవలసింది కూడా ఇదే. గర్భిణికి స్కాన్ చేసే ప్రతిచోటా లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఒక ఫారం నింపుతారు. కిడ్నీ కోసం వచ్చినా అది తప్పదు కనుక గుర్తింపు కార్డు వెంట తీసుకువెళ్ళడం మేలు. గర్భం పెరిగే కొద్దీ కిడ్నీ, ముఖ్యంగా కుడివైపుది, రాయి లేకుండానే కొంత ఉబ్బుతుంది. అందువల్ల గర్భిణి రిపోర్టులో "స్వల్ప హైడ్రోనెఫ్రోసిస్", అంటే కిడ్నీ కొద్దిగా ఉబ్బడం, అని కనిపించగానే బెదిరిపోనవసరం లేదు. అల్ట్రాసౌండ్‌తో తేలకపోతే ఆమెకు ఎమ్మారై చేస్తారు, అదీ చాలకపోతేనే చివరగా తక్కువ మోతాదు సీటీ వైపు చూస్తారు.

స్కాన్‌కు ఒక గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్ళు తాగి, మూత్రాన్ని ఆపుకుని వెళ్ళాలి. మూత్రాశయం నిండి ఉంటే దాని గోడ దగ్గర, అంటే మూత్రనాళం వచ్చి కలిసే చోట, ఇరుక్కున్న రాయి కనబడే అవకాశం పెరుగుతుంది. స్కాన్ చేసే డాక్టరు కదలికను రంగుల్లో చూపే కలర్ డాప్లర్ కూడా పెట్టి చూస్తే రెండు ప్రయోజనాలు: రాయి ఉన్నచోట రంగులు మినుకుమినుకుమంటాయి, రెండు నాళాల నుంచి మూత్రం మూత్రాశయంలోకి చిమ్ముతోందో లేదో తెలుస్తుంది. ఒక వైపు ధార కనిపిస్తూ నొప్పి ఉన్న వైపు అసలు కనిపించకపోతే అడ్డంకి గట్టిదేనని అనుమానించాలి.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. యూరోపియన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాల ప్రకారం అల్ట్రాసౌండ్ రాళ్ళను పట్టుకునే సామర్థ్యం సుమారు 45 శాతం మాత్రమే. నాళం మధ్యభాగాన్ని పేగుల్లోని గాలి కప్పేస్తుంది. అందుకే "కుడి కిడ్నీ ఉబ్బి ఉంది, రాయి కనిపించలేదు" అనే రిపోర్టులు ఇంతగా వస్తాయి. ఆ వాక్యానికి రాయి లేదని అర్థం కాదు, కనిపించని చోట ఉండవచ్చునని అర్థం. మరో సంగతి, చిన్న రాళ్ళను అల్ట్రాసౌండ్ ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుంది. రిపోర్టులో 6 మిల్లీమీటర్లని ఉన్న రాయి సీటీలో 4 మిల్లీమీటర్లే కావడం మామూలే. ఈ తేడా తెలియక ఆపరేషన్ తప్పదేమోనని దిగులుపడిన కుటుంబాలు ఎన్నో.

అయినా దీనితో మొదలుపెట్టడం తక్కువరకం వైద్యం కాదు. అమెరికాలోని 15 ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలలో 2,759 మంది రోగులతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట అల్ట్రాసౌండ్ చేసినవారికీ మొదటే సీటీ చేసినవారికీ తీవ్రమైన దుష్ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవారికి మొత్తం మీద తక్కువ రేడియేషన్ తగిలింది.

సీటీ అవసరమయ్యే సందర్భం

రోగనిర్ధారణ అనుమానంలో ఉన్నప్పుడు, నొప్పి తగ్గకుండా రోజులు గడుస్తున్నప్పుడు, లేదా రాయిని తీసే ప్రక్రియ గురించి డాక్టరు ఆలోచిస్తున్నప్పుడు సీటీ కావాలి. దీనినే మన దగ్గర "ప్లెయిన్ సీటీ కేయూబీ" అని రాస్తారు; కేయూబీ అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం ఉన్న భాగం. రక్తనాళంలోకి రంగు మందు ఎక్కించరు, పరగడుపున ఉండనవసరం లేదు, బల్ల మీద పడుకున్న తరువాత ఒకసారి ఊపిరి బిగబట్టే లోపల పని అయిపోతుంది. రాళ్ళను పట్టుకోవడంలో దీని సామర్థ్యం 95 శాతానికి పైమాటే. మామూలు ఎక్స్‌రేలో కనిపించని యూరిక్ యాసిడ్ రాళ్ళు కూడా దీనిలో కనిపిస్తాయి. హెచ్ఐవీకి ఒకప్పుడు వాడిన ఇండినవిర్ అనే మందు వల్ల ఏర్పడే అరుదైన రాళ్ళు మాత్రం దీనికీ చిక్కవు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే కొన్ని విషయాలు అడగాలి. మొదటిది, తక్కువ మోతాదు పద్ధతిలో తీస్తారా అన్నది. మామూలు పద్ధతిలో పొట్ట సీటీకి 5 నుంచి 10 మిల్లీసీవర్టుల దాకా రేడియేషన్ పడవచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది మొత్తం మీద అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. రాళ్ళ కోసం తీసే తక్కువ మోతాదు సీటీలో ఇది 3 మిల్లీసీవర్టుల లోపలికి తగ్గుతుంది, అయినా బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 30 లోపు ఉన్నవారిలో 3 మిల్లీమీటర్లు దాటిన రాళ్ళను అది దాదాపు వదలదు. రాళ్ళ జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చేది కనుక, ముప్పై ఏళ్ళ మనిషికి జీవితకాలంలో ఎన్ని సీటీలు పడతాయో ఊహించి ఈ జాగ్రత్త పాటించాలి. రెండవది, ముక్కలు పలచగా తీస్తారా అన్నది. ఒక్కొక్క ముక్క 5 మిల్లీమీటర్ల మందంతో తీస్తే అంతకన్నా చిన్న రాయి రెండు ముక్కల మధ్య జారిపోవచ్చు. మూడవది, ఫిల్ముతో పాటు సీడీ లేదా ఫోనులో తెరుచుకునే లింకు ఇస్తారా అన్నది. అచ్చు ఫిల్ము మీద సర్జన్ కొలతలు తీయలేరు, కోణాలు మార్చి చూడలేరు. బిడ్డను కనే వయసులో ఉన్న స్త్రీలు నెలసరి తప్పి ఉంటే ముందు గర్భ పరీక్ష చేయించుకుని, ఆ సంగతి టెక్నీషియన్‌కు చెప్పాలి. ఎక్స్‌రే, సీటీ యంత్రాలు నడిపే ప్రతి కేంద్రానికీ అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. దాని గురించి అడగడంలో మొహమాటం వద్దు.

మూత్రాశయంలోకి తెరుచుకునే ద్వారం దగ్గర రాయి కనిపించినప్పుడు, అది ఇంకా నాళంలోనే చిక్కుకుని ఉందా, లేక అప్పటికే మూత్రాశయంలో పడిపోయిందా అన్నది ఒక్కోసారి తేలదు. అప్పుడు రోగిని బోర్లా పడుకోబెట్టి ఆ కాస్త భాగాన్నే మళ్ళీ స్కాన్ చేస్తారు. రాయి ముందుకు జారితే అది మూత్రాశయంలోనిది, కదలకపోతే ఇంకా దారిలోనే ఉన్నది. చిన్న పనే అయినా అనవసరమైన ఆపరేషన్‌ను తప్పించగలిగే పని ఇది. కటిభాగంలోని సిరల్లో సున్నం పేరుకున్న చుక్కలు కూడా రాళ్ళలా కనిపించి తికమకపెడతాయి. చుట్టూ నాళపు గోడ వాచి ఉంగరంలా కనిపిస్తే రాయిగా, తోకలాంటి గీత కనిపిస్తే సిరలోని చుక్కగా రేడియాలజిస్టు గుర్తిస్తారు.

సీటీలో రాయి తేలిన తరువాత ఒక ఎక్స్‌రే కేయూబీ తీయించడం వృథా అనిపించవచ్చు, కానీ దానికి ప్రయోజనం ఉంది. ఎక్స్‌రేలో రాయి కనిపిస్తే, తరువాత అది కిందికి దిగిందా అని చూడడానికి మళ్ళీ మళ్ళీ సీటీ అక్కరలేదు, తక్కువ రేడియేషన్‌తో ఎక్స్‌రే సరిపోతుంది. కనిపించకపోతే అది యూరిక్ యాసిడ్ రాయి కావచ్చునన్న ఆధారం దొరుకుతుంది.

రిపోర్టులోని ఒక వాక్యం

సీటీ రిపోర్టులో ఇలా ఉందనుకుందాం: "కుడి మూత్రనాళం పైభాగంలో, ఎల్3 వెన్నుపూస ఎత్తున, 9 × 6 మి.మీ. రాయి, 1150 హెచ్‌యూ. పైన మధ్యస్థాయి హైడ్రోయూరెటెరోనెఫ్రోసిస్. కిడ్నీ చుట్టూ కొవ్వులో గీతలు." చికిత్సకు కావలసిన సమాచారం చాలావరకు ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

ముందు స్థానం. కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోట, అది తుంటి ఎముకల దగ్గర పెద్ద రక్తనాళాల మీదుగా దాటే చోట, మూత్రాశయంలోకి ప్రవేశించే చోట దారి సన్నబడుతుంది. రాళ్ళు ఎక్కువగా ఈ మూడు చోట్లే ఇరుక్కుంటాయి. కిందికి దిగిన కొద్దీ దానంతట అది పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఎల్3 ఎత్తు అంటే రాయి ఇంకా పైనే ఉంది, ప్రయాణం చాలా మిగిలి ఉంది.

తరువాత పరిమాణం. నాళంలోని రాయి 5 మిల్లీమీటర్ల లోపుంటే సుమారు 68 శాతం, 5 నుంచి 10 మధ్య ఉంటే సుమారు 47 శాతం వాటంతటవే పడిపోతాయని అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. ఇక్కడ ఒక మెలకువ ఉంది: రాయి నిలువుగా పొడవుగా ఉన్నప్పుడు అడ్డకోత చిత్రంలో మాత్రమే కొలిస్తే పొడవు తక్కువగా వస్తుంది. రిపోర్టులో ఒకే ఒక్క అంకె ఉంటే, నిలువు కోతలో ఎంత ఉందని అడగడం తప్పు కాదు.

మూడవది హెచ్‌యూ, అంటే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో రాయి దట్టదనం. సీటీని రూపొందించినందుకు 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందిన హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద వచ్చిన కొలమానం ఇది. నీటికి సున్నా, దట్టమైన వస్తువుకు అంకె పెరుగుతుంది. యూరిక్ యాసిడ్ రాళ్ళు సాధారణంగా 500 లోపు ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు 1000 దాటిపోతాయి. 1000 దాటిన రాయి బయటి నుంచి పంపే షాక్‌వేవ్‌లకు సులభంగా పగలదు. అయితే 4, 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళలో ఈ అంకెను అంతగా నమ్మకూడదు, చుట్టూ ఉన్న కణజాలం కలిసిపోయి అది తక్కువగా వస్తుంది.

చివరివి, ఉబ్బు (హైడ్రోయూరెటెరోనెఫ్రోసిస్ అంటే నాళమూ కిడ్నీ ఉబ్బడం), గీతలు. మూత్రం పైకి ఎగదన్ని కిడ్నీ మీద ఒత్తిడి పెరుగుతోందని ఇవి చెబుతాయి. ఇంత తెలిసిన తరువాత యూరాలజిస్టు ఈ రాయి దానంతట అది పడుతుందని నెలల తరబడి ఎదురుచూడమనరు. గట్టిదనం దృష్ట్యా షాక్‌వేవ్ కంటే, కింది నుంచి సన్నని దుర్బిణి పంపి లేజరుతో పొడిచేయడం వైపు మొగ్గు చూపే అవకాశం ఎక్కువ. ఇదే రాయి 600 హెచ్‌యూతో, సన్నటి మనిషిలో ఉంటే సలహా వేరుగా ఉండేది. చర్మం నుంచి రాయి దాకా దూరం 10 సెంటీమీటర్లు దాటినా షాక్‌వేవ్ బలం తగ్గిపోతుంది; ఈ కొలత రిపోర్టులో రాయకపోయినా సీడీలోని చిత్రం మీద సర్జన్ క్షణంలో తీసుకోగలరు.

చిత్రం చూపిన దారిలో చికిత్స

చిన్న రాయి, నొప్పి అదుపులో ఉంది, జ్వరం లేదు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ సరిగా ఉంది అంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఎదురుచూడవచ్చు. నాళం కిందిభాగంలో ఉన్న 5 మిల్లీమీటర్లు దాటిన రాళ్ళకు దారిని సడలించే మాత్రలు ఇస్తారు. మూత్రాన్ని ఒక జల్లెడలోంచి పోసి, పడిన రాయిని దాచి పరీక్షకు ఇవ్వాలి.

ఈ ఎదురుచూసే కాలంలోనే మన ఇళ్ళలో కొండపిండి ఆకు కషాయం, అరటిదవ్వ రసం, ఉలవచారు మొదలవుతాయి. పెద్దలు ప్రేమతో చేసి పెట్టేవి ఇవి. డాక్టరు వద్దనని మేరకు తీసుకోవడంలో తప్పు లేదు. కానీ నొప్పి పోవడమూ రాయి పోవడమూ ఒకటి కాదు. రాయి పూర్తిగా అడ్డం పడి, కిడ్నీ ఉబ్బి, ఒత్తిడికి అలవాటుపడ్డ తరువాత కూడా నొప్పి తగ్గిపోతుంది. లోపల కిడ్నీ మాత్రం నిశ్శబ్దంగా దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి ఏ మందు తాగినా, ఏదీ తాగకపోయినా, గడువు ముగిసేలోగా మరో అల్ట్రాసౌండో ఎక్స్‌రేయో తీయించి రాయి పోయిందనీ, ఉబ్బు తగ్గిందనీ కళ్ళారా చూసుకోవాలి. ఈ ఒక్క స్కాన్‌ను మానేయడం వల్ల కిడ్నీలు పోగొట్టుకున్నవారున్నారు, అందుకే ఇంత నొక్కి చెప్పవలసి వస్తోంది.

యూరిక్ యాసిడ్ రాయి అయితే కత్తి, లేజరు లేకుండానే కరిగించే వీలుంది. మూత్రంలో ఆమ్లత తగ్గించే సిట్రేట్ మందులు వాడుతూ, స్ట్రిప్పుతో మూత్రం పీహెచ్ చూసుకుంటూ ఉంటే వారాల్లో అది కరుగుతుంది. మధుమేహం ఉన్నవారిలో ఈ రకం రాళ్ళు ఎక్కువ కనుక వారు హెచ్‌యూ అంకెను ప్రత్యేకంగా గమనించాలి. ద్వంద్వ శక్తి సీటీ అనే పద్ధతిలో ఇది యూరిక్ యాసిడ్ రాయా కాదా అన్నది మరింత నమ్మకంగా చెప్పవచ్చు. కరుగుతోందా లేదా అని ఎక్స్‌రేతో చూడలేరు, అల్ట్రాసౌండో, అవసరమైతే తక్కువ మోతాదు సీటీయో కావాలి.

షాక్‌వేవ్ చికిత్స 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. ఇందులో చిత్రం చికిత్స జరుగుతున్నంతసేపూ పని చేస్తూనే ఉంటుంది. ఊపిరి తీసి వదిలే ప్రతిసారీ కిడ్నీ కిందికీ పైకీ కదులుతుంది కనుక, తరంగం కేంద్రీకరించిన చోట రాయి ఉందో లేదో ఎక్స్‌రే తెర మీద గానీ అల్ట్రాసౌండ్‌లో గానీ మధ్యమధ్య సరిచూస్తారు. ఎక్స్‌రేలో కనిపించని రాయికి అల్ట్రాసౌండ్ జోడించిన యంత్రం కావాలి. మీ రాయి అలాంటిదైతే ఈ ప్రశ్న ముందే అడగండి. కిడ్నీ కింది గదిలో ఉన్న రాయి పగిలినా, ఆ గది మెడ సన్నగా, పొడవుగా, బాగా వంగి ఉంటే ముక్కలు బయటికి రావు. సీటీ నిలువు కోతలో ఆ కోణాన్ని ముందే అంచనా వేస్తారు. గర్భిణులకూ, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతూ ఆపలేనివారికీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారికీ, రాయి కింద దారి మూసుకుని ఉన్నవారికీ ఇది పనికిరాదు.

కిడ్నీలో 20 మిల్లీమీటర్లు దాటిన రాళ్ళకు వీపు నుంచి రంధ్రం చేసి తీసే పీసీఎన్ఎల్ మొదటి ఎంపిక. మొదటి దశలో చిత్రం మీద ఆధారపడినంతగా ఈ ఆపరేషన్ మరి దేనిమీదా ఆధారపడదు. ముందు కింది నుంచి సన్నని గొట్టం పంపి కిడ్నీలోకి రంగు మందు వదులుతారు. ఆపరేషన్ బల్ల దగ్గర అప్పటికప్పుడు ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ యంత్రపు తెర మీద కిడ్నీ గదులు నల్లగా విచ్చుకుని కనిపిస్తాయి. సర్జన్ వెనుక వైపుకు తిరిగి ఉన్న ఒక గదిని ఎంచుకుని, యంత్రాన్ని తనవైపు సుమారు 30 డిగ్రీలు వంచి, సూది మొన, సూది వెనుక భాగం ఒకే చుక్కగా కలిసి కనిపించేలా పట్టుకుని లోపలికి దించుతారు. తరువాత యంత్రాన్ని నిలువుగా తిప్పి సూది ఎంత లోతు వెళ్ళిందో చూస్తారు. రక్తనాళాలు గదుల మధ్య గోడల వెంట నడుస్తాయి, కాబట్టి గది కొసన సరిగ్గా నడిమి నుంచి వెళితే రక్తస్రావం తక్కువ. సూది వెనుక నుంచి మూత్రం చుక్క రాగానే తీగ పంపి, దాని మీదుగా దారిని వెడల్పు చేస్తారు. ఈ పొడుపును అల్ట్రాసౌండ్‌తో చేసే సర్జన్లూ ఉన్నారు. దానివల్ల రేడియేషన్ తగ్గుతుంది, దారిలో పేగు, కాలేయం వంటివి ఉంటే కనిపిస్తాయి. కొందరిలో పెద్దపేగు కిడ్నీ వెనుకకు వచ్చి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు సీటీ చూడకపోతే ఆ సంగతి సూదికి తెలియదు, అందుకే పీసీఎన్ఎల్‌కు అల్ట్రాసౌండ్ రిపోర్టు ఒక్కటే చాలదు.

20 మిల్లీమీటర్ల లోపు రాళ్ళకు మూత్రమార్గం గుండానే వంగే దుర్బిణితో కిడ్నీ దాకా వెళ్ళి లేజర్ చేసే ఆర్ఐఆర్ఎస్ ఉంది. గుర్రపు లాడం ఆకారపు కిడ్నీ, నాళం మొదట్లో పుట్టుకతో వచ్చిన నొక్కు వంటి తేడాలు ప్లెయిన్ సీటీలో అనుమానం కలిగిస్తే, రంగు మందుతో సీటీ యూరోగ్రామ్ తీయిస్తారు. దానికి ముందు క్రియాటినిన్ చూడాలి, మెట్‌ఫార్మిన్ వాడేవారు ఆ విషయం చెప్పాలి. ఏళ్ళ తరబడి ఉబ్బి పలచబడిన కిడ్నీలో రాయి తీయడం వల్ల ప్రయోజనం ఉందా అన్న ప్రశ్న వస్తే, రెండు కిడ్నీల పనిని విడివిడిగా శాతాల్లో చూపే న్యూక్లియర్ స్కాన్ దానికి జవాబు చెబుతుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. రాళ్ళ ఆపరేషన్లకు ముందస్తు అనుమతి కోరేటప్పుడు ఆసుపత్రి మీ స్కాన్ చిత్రాలను కూడా పంపుతుంది. అసలు సీడీ ఎవరికీ ఇచ్చేయకుండా నకలు ఇచ్చి మీ దగ్గర ఉంచుకోండి. అది ఉంటే రెండో డాక్టరు అభిప్రాయానికి వెళ్ళినప్పుడు మరో సీటీ తప్పుతుంది.

చికిత్స అయిన తరువాత

ఆపరేషన్ జరిగిన తరువాత సుమారు నెలకు మళ్ళీ ఒక చిత్రం కావాలి. ఎక్స్‌రేలో కనిపించే రాయి అయితే ఎక్స్‌రేతో పాటు అల్ట్రాసౌండ్ చాలు. పెద్ద రాయి పగలగొట్టినప్పుడు, మిగిలిన ముక్కల సంగతి కచ్చితంగా తేలవలసినప్పుడు తక్కువ మోతాదు సీటీ తీస్తారు. 4 మిల్లీమీటర్ల లోపు ముక్కలు మిగిలినా వాటిని "ఏం కాదు" అని కొట్టిపారేయకూడదు, అవే మళ్ళీ పెరిగే విత్తనాలు కావచ్చు.

డీజే స్టెంటు గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపల ఉండే ఈ గొట్టాన్ని సాధారణంగా కొన్ని వారాల్లో తీసేయాలి. మంట తగ్గి, పనిలో పడి, తీయించుకోవడం మరిచిపోతే నెలలు గడిచే కొద్దీ దాని చుట్టూ కొత్త రాళ్ళు పేరుకుంటాయి, అప్పుడు దాన్ని తీయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టమవుతుంది. డిశ్చార్జ్ కాగితంలో స్టెంటు వేశారని ఉందా, ఏ తేదీన తీయాలని ఉందా అని ఇంటికి వెళ్ళే ముందే చదివి, ఆ తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. స్టెంటు ఉందో తీశారో గుర్తులేని పెద్దవారికి ఒక ఎక్స్‌రే తీయిస్తే తేలిపోతుంది. రెండు కొసలా చుట్టలు తిరిగిన తెల్లని గీత కనిపిస్తే అది ఇంకా లోపలే ఉన్నట్టు, అదే రోజు యూరాలజిస్టును కలవాలి.